బుచ్చమ్మ చూడని ఆట

ఉప్పుగూడ రైలు గేటు పక్కన, రేకుల కొట్టంలో బర్రెలు కట్టేసి ఉండే ఇల్లు బుచ్చమ్మది. డెబ్బైల్లో పొద్దున్నే ఆ ఇంటికి వచ్చేవాళ్లలో సగం మంది పాల కోసం వచ్చేవాళ్లు. మిగతా సగం మంది ఊళ్లో ఇవాళ ఏముందో కనుక్కోవడానికి వచ్చేవాళ్లు. ఉత్త చేతులతో వచ్చి అడిగితే బాగుండదని వాళ్లూ ఒక గిన్నె పట్టుకొచ్చేవాళ్లు.

హైదరాబాదులో ఏ మూల ఏ సందడి జరిగినా బుచ్చమ్మకు ముందుగా తెలిసేది. లాల్‌దర్వాజ గుడిలో హరికథ, షాలిబండలో ఉర్దూ కవుల ముషాయిరా, పహాడీ షరీఫ్ ఉర్సులో ఖవ్వాలీ, పీర్ల పండుగ ఊరేగింపు, ఆషాఢంలో బోనాలు, దీపావళి వెళ్లాక దున్నపోతులను సింగారించి ఆడించే సదర్, జనవరి వస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్. ఆమె లెక్కలో ఇవన్నీ పోగ్రాంలే. చదువు రాదు. గోడ మీద కొత్త కాగితం కనిపిస్తే దారిన పోయేవాళ్లను ఆపి చదివించుకునేది. పాల క్యాన్లతో ఆమెను రోజూ లాడ్ బజార్ దాకా తీసుకుపోయే రిక్షా మొగులయ్యకు ఇట్లా ఆగుతూ పోవడంతోనే సగం పొద్దు గడిచిపోయేది.

లాడ్ బజార్‌లో గాజుల దుకాణాల నడుమ చాయ్ హోటల్ నడిపే హబీబ్ భాయ్ క్యాను అందుకుంటూ మొదట అడిగే మాట పాల గురించి కాదు, ఇవాళ ఊళ్లో ఏముందని.

"బుచ్చమ్మా, ఆజ్ క్యా హై షహర్ మే?"

"బేగంబజార్ మే నాటకం హై, భాయ్. ఆప్ నక్కో జావ్, పోవద్దు. పోయిన యాడాది రావణుడే ఈసారి గూడ. గొంతు లేదు వానికి."

ఆమె మాత్రం అన్నిటికీ పోయేది. అర్థం కావాలన్న పట్టింపు లేదు. ముషాయిరా జరిగే చోట గోడ బయట ఆడవాళ్లతో నిలబడి, లోపల వాహ్వా అన్నప్పుడల్లా తానూ అనేది. ఒకసారి కవి గొంతు సవరించుకున్నందుకు కూడా అంది. ఇంకోసారి మలక్‌పేటలో రేసుకోర్సు ముందు గుంపును చూసి, అదేదో జాతర అనుకుని కొబ్బరికాయ కొనుక్కుని మరీ లోపలికి పోబోయింది. గేటు దగ్గర ఆపితే, "దేవుని కాడ గూడ టికెట్టేంది?" అని గొణుక్కుంటూ వెనక్కి వచ్చింది.

భర్త బీరయ్య ఇందుకు పూర్తిగా విరుద్ధం. నలుగురు ఒకచోట కనిపిస్తే పక్క గల్లీలోంచి చుట్టూ తిరిగి వచ్చే మనిషి. పెళ్లికి పోతే పందిరి బయటే నిలబడి, అక్షింతలు అక్కణ్ణుంచే విసిరి, తిని వచ్చేవాడు. గడ్డి కోయడం, కుడితి పెట్టడం, బర్రెలను కడగడం, తిన్న వెంటనే పడుకోవడం అతని దినచర్య. భార్య ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో ఎన్నడూ అడగలేదు. అడిగితే మొత్తం చెబుతుందని భయం.

ఇన్ని చూసిన బుచ్చమ్మ సినిమా మాత్రం ఒక్కటి కూడా చూడలేదు. అందుకు కారణం మైసి అనే బర్రె. సాయంత్రం పాలు పిండే వేళకే మూడు గంటల ఆట నడుస్తుంటుంది. మిగతా బర్రెలు ఎవరు కూర్చున్నా ఇచ్చేవి. మైసి అట్లా కాదు. బుచ్చమ్మ చెయ్యి తగిలితేనే పాలు చేపేది, ఇంకెవరు దగ్గరికి వచ్చినా వెనక కాలు లేపేది. ఆ కాలు రుచి బీరయ్య మోకాలికి బాగా తెలుసు.

ఆరు గంటల ఆటకు పోవచ్చు కదా అంటే, ఆ వేళకు ఎక్కడో ఒకచోట ఏదో ఒక పోగ్రాం ఉండనే ఉంటుంది. హరికథ ఒక్కసారే వస్తుంది, సినిమా రేపు కూడా ఉంటుంది కదా అని ఆమె వాదన. అట్లా ఆ రేపు రాకుండానే ఆమెకు నలభై అయిదేళ్లు నిండాయి.

అయితే సినిమా కథలు ఆమెకు తెలియవని కాదు. రెండిళ్ల అవతల చంద్రమ్మ ఉండేది. ఆమె భర్త ప్రకాశం ఆలియాబాదు వైపు ఒక టాకీసులో గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. ఆ టాకీసు ఇప్పుడు లేదు, పేరు చెప్పినా లాభం లేదు. భర్త పుణ్యమా అని చంద్రమ్మ ప్రతి సినిమా చూసేది. మరునాడు పొద్దున పాల గిన్నెతో వచ్చి, బుచ్చమ్మ వాకిట్లో గడప మీద కూర్చుని కథ మొదలుపెట్టేది. ఉత్తగా చెప్పేది కాదు. అత్త మాట్లాడితే ముక్కు ఎగరేసేది. కోడలు ఏడిస్తే కొంగు పిండేది. దుర్మార్గుడు మెట్లు దిగితే గిన్నె మీద చేత్తో టకటక కొట్టేది. ఆమె కథ అయ్యేదాకా పాలు పోయించుకున్నవాళ్లు కదిలేవాళ్లు కాదు. ఆ గిన్నెల్లో పాలు ఇంటికి చేరేలోపే మీగడ కట్టేవని బాలమ్మ అనేది. బాలమ్మది పక్కిల్లు. రెండిళ్లకూ నడుమ మొల ఎత్తు గోడే ఉండేది కాబట్టి అన్నీ ఆమెకు తెలుస్తుండేవి.

ఒక చలికాలం చంద్రమ్మ ఒక సినిమా కథ చెప్పింది. అత్త పెట్టే ఆరళ్లు పడలేక కోడలు అర్ధరాత్రి వానలో నది ఒడ్డుకు పోతుంది. ఉరుములు. నది పొంగుతోంది. కోడలు ఒక అడుగు ముందుకు వేసింది. అప్పుడే వెనక నుంచి అత్త పరుగెత్తుకొచ్చి కాళ్ల మీద పడి, నన్ను క్షమించు తల్లీ అంటుంది. ఇది చెబుతూ చంద్రమ్మ నిజంగానే బుచ్చమ్మ కాళ్లు పట్టుకుంది. వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా ఏడ్చారు. కోడలిని రోజూ సతాయించే బాలమ్మ కూడా ఏడ్చింది.

"ఈ సినిమా నేను చూడాలె," అంది బుచ్చమ్మ కళ్లు తుడుచుకుని. "నా కండ్లతోని చూడాలె."

"అయితే సోమారం మూడు గంటల ఆటకు రా అక్కా, తోలుకపోత. ఆరు గంటల ఆటకు మా ఆయన గేటు కాడ ఉండడు," అంది చంద్రమ్మ.

"సోమారం గౌలిపురల బుర్రకథ. ఆట ఇడిసేవరకు అది సగమైతది."

"మంగళారం?"

"మంగళారం హబీబ్ భాయ్ వాళ్ల ఇంటి కాడ ఖవ్వాలీ. పేరు పెట్టి పిలిచిండు, పోకుంటే బాగుండది."

"బుధవారం?"

"బుధవారం, బేస్తారం లాల్‌దర్వాజల భజన ఉన్నది గదనే."

"శుక్రారం సినిమా మారుతది అక్కా. ఇగ నువ్వు చూసినట్టే."

చివరకు హార్మోనియం కలిసివచ్చింది. భజన వాళ్ల పెట్టె చెడిపోయి బాగుచేయడానికి ఇచ్చారనీ, బుధవారం భజన లేదనీ మొగులయ్య కబురు తెచ్చాడు. ఇక బీరయ్యను ఒప్పించడమే మిగిలింది.

"ఒక్క పూట మైసిని నువ్వు పిండు," అంది బుచ్చమ్మ.

"అది నాకిస్తదా?"

"ఎందుకియ్యది? మొగోనివి గాదా?"

"మొగోన్ని కాబట్టే ఇస్తలేదు."

బుచ్చమ్మ అప్పటికే పట్టు అంచు చీర పెట్టెలోంచి తీసి మడతలు విప్పింది. చీర విప్పిందంటే బుచ్చమ్మ ఆగదని బీరయ్యకు తెలుసు. సరేనన్నట్టు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం బుచ్చమ్మ, చంద్రమ్మ టాకీసుకు పోయారు. ప్రకాశం గేటు దగ్గర నిలబడి, "రా వదినా, మంచి జాగల కూసోబెడత," అని ఫ్యాను కింద సీట్లు చూపించాడు. ఫ్యాను ఉంది కానీ తిరగదు. చలికాలమే కదా అన్నాడు ప్రకాశం. కూర్చున్న కాసేపటికి నల్లులు పలకరించాయి. బుచ్చమ్మ అవేవీ పట్టించుకోలేదు. నది ఎప్పుడొస్తుందా అని చీకట్లో కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది.

నది రాలేదు. ముందు ఒక పాట వచ్చింది. కోడలు ఒక తోటలో చెట్టు చుట్టూ తిరిగింది. చెట్టు వెనక్కి ఒక చీరతో పోయి, ఇంకో చీరతో వచ్చింది.

"దీనికి ఇంట్ల అన్నం పెడ్తలేరంటివి," అంది బుచ్చమ్మ. "గన్ని చీరలేడియి?"

"అది కల అక్కా. ఊకో."

తర్వాత అత్త వచ్చింది. చంద్రమ్మ ముక్కు ఎగరేసినట్టు ఎగరేయలేదు. జలుబు చేసినట్టు మాట్లాడింది. దుర్మార్గుడు మెట్లు దిగాడు గానీ చప్పుడు కాలేదు. అతని కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. ఆ తర్వాత కోడలు కొట్టంలోకి పోయి, తెల్లటి చేతులతో ఒక బర్రెను పిండుతూ పాట అందుకుంది. బుచ్చమ్మ ముందుకు వంగి చూసింది.

"అయ్యో, అది ఒట్టిపోయిన బర్రె," అంది పైకే. "దానికి పాలేడుంటయే బిడ్డా?"

హాలులో సగం మంది నవ్వారు. సినిమా మొదలయ్యాక జనం నవ్వింది అప్పుడొక్కసారే. రెండుసార్లు రీలు తెగింది. తెగినప్పుడల్లా ఈలలు మోగాయి. అవే బాగున్నాయని బుచ్చమ్మకు అనిపించింది.

"నది ఏదే?" అని చంద్రమ్మ మోచెయ్యి గిల్లింది.

"వస్తది. జర ఆగు."

అత్తకు జబ్బు చేసింది. ఆస్పత్రిలో ఉందని ఎవరో వచ్చి చెప్పారు. పోయిందని ఇంకెవరో వచ్చి చెప్పారు. కోడలు దండేసిన ఫోటోకు మొక్కింది. లైట్లు వేశారు. జనం లేచి తలుపుల వైపు నడుస్తున్నారు. బుచ్చమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఇగ అయిపోయింది అక్కా."

"నది రాలే."

"రాలే."

"వాన?"

చంద్రమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. "సినిమా మస్తు చప్పగున్నదక్కా. మీరందరు గడప కాడ గిన్నెలు పట్టుకొని కూసుంటిరి. చప్పగ చెప్పబుద్ధి గాలే. అందుకని నదిని నేనే పెట్టిన."

బుచ్చమ్మ కుర్చీలోంచి లేచింది.

"నేను పాలల్ల చెంబెడు నీళ్లు కలిపిననని పోయిన నెల ఎంత లొల్లి చేస్తివే చంద్రమ్మా. నువ్వు ఏకంగ నదినే కలిపినవ్."

చంద్రమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు బుచ్చమ్మే నవ్వింది. దారిలో మాత్రం మళ్లీ దిగులు పడింది. జిందగీలో ఒక్క సినిమా, అది కూడా ఇట్లాంటిది. భజన ఉన్నా బాగుండేది, ఆ హార్మోనియం పెట్టె ఇంకో వారం ఆగి చెడితే ఏం పోయేది అనుకుంటూ నడిచింది.

ఇల్లు దగ్గరపడుతుంటే ఏదో తేడా కనిపించింది. రైలు వెళ్లిపోయి గేటు ఎత్తేసినా సైకిళ్ల వాళ్లు, రిక్షాల వాళ్లు కదలడం లేదు. ఆమె ఇంటి వైపు చూసి నవ్వుకుంటున్నారు. ఆమెను చూడగానే దారి ఇచ్చారు. ఒకాయన, "నీ ఇంట్ల మంచి కళాకారుడున్నడు గదమ్మా," అని పోయాడు.

లోపల బీరయ్య మూలన కూర్చుని గడ్డిపరకతో పళ్లు కుట్టుకుంటున్నాడు. తపేలా నిండా మైసి పాలు. రోజూ వచ్చేదానికన్నా ఎక్కువే ఉన్నాయి.

"ఏమైంది?"

"ఏం గాలే."

"మరి గీ జనమేంది?"

"గేటు పడ్డది. నిలవడ్డరు."

గోడ మీంచి బాలమ్మ ముఖం లేచింది. ఆమె తెల్లారేదాకా ఆగగలిగే మనిషి కాదు. జరిగింది మొత్తం అక్కడే చెప్పేసింది.

బీరయ్య తపేలా పట్టుకుని మొదటిసారి పోతే మైసి తపేలాను తన్నింది. రెండోసారి పోతే బీరయ్యను తన్నింది. చూడలేక బాలమ్మే సలహా చెప్పింది, దానికి బుచ్చమ్మ వాసన కావాలి, ఆమె చీర కట్టుకో అని. అతను అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. దండెం మీది గళ్ల చీర తీసి ధోవతి మీద చుట్టుకుని, మీసం కనబడకుండా కొంగు ముసుగేసుకుని కూర్చున్నాడు. మైసి వాసన చూసి కాలు దించింది. కానీ చేపలేదు. బుచ్చమ్మ పిండేటప్పుడు నిన్న చూసిన పోగ్రాం ముచ్చట్లన్నీ దానికి చెబుతుంది కదా, నువ్వూ చెప్పమంది బాలమ్మ. బీరయ్య గొంతు సన్నం చేసి, "లాల్‌దర్వాజల హరికథ ఉన్నదంటనే మైసీ," అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు. ఎక్కడికైనా పోతే కదా తెలిసేది. చేసేది లేక, చిన్నప్పుడు అమ్మ పాడిన జోలపాట ఒకటి ఎత్తుకున్నాడు. పాడుతుంటే కళ్లు మూసుకున్నాయి. సరిగ్గా అప్పుడే రైలు గేటు పడింది.

"కండ్లు తెరిచేవరకు గేటుకవతల ఇవతల జనమే జనం," అంది బాలమ్మ. "నేనైతే ఉరుకుతడనుకున్న. లేదు. పాట ఆపితే పాలాగుతయని పిండుకుంటనే ఉన్నడు. అంత అయినంక లేచి, కొంగు సక్కగ సదురుకొని, తపేలా పట్టుకొని లోపలికి పోయిండు. ఎంత చప్పట్లనుకున్నవ్."

బుచ్చమ్మ అరుగు మీద కూలబడింది. ఊళ్లో ఏ మూల ఏం జరిగినా వదలని మనిషి. తన కొట్టంలో, తన చీరతో, తన మొగుడు ఆడిన ఆట ఊరంతా చూస్తే తాను మాత్రం నల్లుల కుర్చీలో కూర్చుని నది కోసం ఎదురుచూసింది.

"ఇంకొక్కసారి పాడు," అంది బీరయ్యతో.

"నాకు రాదు."

"నేను చూడలే గదా."

"చూడకుంటే ఏమైతది?"

ఆ మాటకు బుచ్చమ్మకు నిజంగానే కోపం వచ్చింది. మరునాడు చంద్రమ్మ వచ్చి, బాలమ్మ దగ్గర విన్నదాన్నే గడప మీద కూర్చుని మళ్లీ చెప్పింది. ఆమె చెప్పిన కథలో రైలు కూడా ఆగింది, డ్రైవరు తొంగి చూశాడు. అందరూ పడి పడి నవ్వారు. బుచ్చమ్మ నవ్వలేదు. "నాకు నీళ్లు కలపని పాలు గావాలె," అని లేచి పోయింది.

ఆ వారం ఆమె ఎక్కడికీ పోలేదు. హార్మోనియం బాగై వచ్చింది, భజనకు పోలేదు. గౌలిపురలో బుర్రకథ మళ్లీ ఒక రోజు పెడుతున్నారని మొగులయ్య చెబితే, "ఉంటే ఉండనియ్," అంది. గోడ మీద కాగితాలు కనిపించినా రిక్షా ఆపలేదు. రిక్షా తొందరగా చేరుతుంటే మొగులయ్యకే బెంగ పుట్టింది. లాడ్ బజార్‌లో హబీబ్ భాయ్ ఎప్పటిలాగే అడిగాడు.

"ఆజ్ క్యా హై, బుచ్చమ్మా?"

"కుచ్ నహీ భాయ్. దూధ్ హై."

హబీబ్ భాయ్ చేతిలో క్యాను అట్లాగే ఉండిపోయింది. ఊళ్లో ఏమీ లేని రోజు ఉంటుందని ఆయన అదివరకు వినలేదు. ఒంట్లో బాగాలేదా అని మొగులయ్యను పక్కకు పిలిచి అడిగాడు. మొగులయ్య ఆ మాట తెచ్చి బీరయ్యకు చెప్పాడు. బీరయ్య విని, బర్రెలకు గడ్డి వేశాడు.

ఆ సాయంత్రం బుచ్చమ్మ తపేలా కడుగుతుంటే, బీరయ్య వచ్చి అది ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. దండెం మీది గళ్ల చీర లాగి చుట్టుకున్నాడు. బయటికి పోయి రైలు గేటు తెరిచే ఉందా, వేసి ఉందా అని చూసుకుని వచ్చాడు. తెరిచే ఉంది. కొంగు ముసుగేసుకుని మైసి పక్కన కూర్చున్నాడు.

బుచ్చమ్మ గోనెసంచి తెచ్చి ఎదురుగా పరుచుకుని కూర్చుంది. బాలమ్మ గోడ మీదికి వచ్చింది. చంద్రమ్మకు ఎవరు చెప్పారో గానీ పరుగెత్తుకొచ్చింది.

నిజం చెప్పాలంటే ఆట అంత గొప్పగా లేదు. భార్య ఎదురుగా ఉండేసరికి అతనికి సిగ్గు పుట్టింది. పాట రెండుచోట్ల మరిచిపోయాడు. మైసి కూడా ఒకసారి తల తిప్పి, అసలు మనిషి అక్కడ గోనె మీద ఉంది కదా అన్నట్టు చూసింది. పాలు సగమే వచ్చాయి. బాలమ్మ పెదవి విరిచి, "మొన్నటంత లేదు," అంది.

బుచ్చమ్మకు ఆ తేడా తెలియదు. మొన్నటిది ఆమె చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదట నవ్వింది. జోలపాట రెండో చరణానికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ పాట ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో అత్త ఆ పాటే పాడుతూ వడ్లు చెరిగేది. ఇన్నేళ్లలో అది బీరయ్యకు గుర్తుందని, అతనికి ఒక గొంతు ఉందని ఆమెకు తెలియనే లేదు. అతను లేచి చీర విప్పి దండెం మీద వేస్తుంటే, "వాహ్వా," అంది మెల్లగా. ఈసారి అర్థమయ్యే అంది.

మరునాటి నుంచి మొగులయ్య రిక్షా మళ్లీ ఆలస్యంగా పోవడం మొదలైంది. చంద్రమ్మ కూడా సినిమా కథలు మానలేదు. జనం కోరిన చోట వాన, జనం కోరకపోయినా ఉరుములు కలుపుతూ చెప్పేది. బుచ్చమ్మ మళ్లీ టాకీసు వైపు పోలేదు. గడప మీది ఆటే మేలని ఆమె తీర్మానం.

జనవరిలో నుమాయిష్ వచ్చింది. ఆ ఏడాది బీరయ్య తనంతట తానే ఉతికిన ధోవతి కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. బుచ్చమ్మ ఏమీ అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటాడని భయం. పాలు పిండడం అయ్యాక ఇద్దరూ నాంపల్లి పోయారు. దుకాణాలు, దీపాలు, మిర్చీ బజ్జీల వాసన, ఆకాశంలో తిరిగే రంగుల రాట్నం. బుచ్చమ్మ గాజుల దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తే బీరయ్య లేడు.

అంత గుంపులో ఎక్కడ వెతకాలి? తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలిచే గదికి పోయి చెప్పింది. పిల్లవాడి వయసెంత అని అడిగారు. యాభై అని చెబితే రాసుకునే ఆయన తలెత్తి చూశాడు. అయినా పిలిచారు. "ఉప్పుగూడ నుంచి వచ్చిన బీరయ్య గారు ఎక్కడున్నా వెంటనే ఆఫీసు గదికి రావలెను. మీ కోసం మీ భార్య ఎదురుచూస్తున్నారు."

బీరయ్య రాలేదు. ఉర్దూలో జనాబ్ బీరయ్య అని పిలిచారు. రాలేదు. ఇంగ్లీషులో కూడా పిలిచారు. బుచ్చమ్మకు ఫికర్ మొదలైంది. చాలాసేపటికి గుంపులోంచి అతను నింపాదిగా నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో పల్లీల పొట్లం ఉంది. పోయింది కూడా ఎక్కడికో కాదు, రాట్నం కింద నిలబడ్డాడు.

"నీ పేరు పిలిస్తే వినబడలేదా?" అంది బుచ్చమ్మ.

"వినబడ్డది."

"మరి?"

"మొదలు గారు అన్నరు. తరువాత జనాబ్ అన్నరు. ఇంకేమంటరో విందామని ఆగిన," అని బీరయ్య పల్లీల పొట్లం ఆమె ముందుకు చాపాడు.